జిరాఫీకి ఇస్త్రీ

4వ తేదీ, సోమవారం

ఇవాళ్టి నుంచి ఇన్‌స్పెక్టరమ్మ నా దగ్గర. బడి వదిలాక, మా అమ్మాయి మందుల షాపు నుంచి వచ్చేదాకా. మా అల్లుడి కూతురు, ఏడేళ్ల పిల్ల. గుమ్మంలోనే నిలబడి గదంతా ఒకసారి కలయజూసింది. కుట్టుమిషను, కటింగు బల్ల, ఇస్త్రీ బల్ల, తగిలించిన జాకెట్లు, గోడమీద నా పెళ్లిఫోటో. ఏదో లోపం దొరికిన మొహం పెట్టింది గాని ఏమిటో చెప్పలేదు. ఇన్‌స్పెక్టరమ్మ అని అప్పుడే పేరు పెట్టేశాను, మనసులో.

వచ్చీరాగానే రూల్సు చెప్పాను. నేను మిషను తొక్కుతుంటే కదపకూడదు. సూదుల డబ్బా ముట్టకూడదు. పెద్ద కత్తెర బట్టల కత్తెర, కాగితం కోస్తే పదును పోతుంది, కాబట్టి దాని జోలికి అసలే పోకూడదు. అన్నింటికీ "సరేనండీ" అంది. అంత బుద్ధిగా అనేసరికి నాకే ఏదోలా అనిపించి, "నన్ను అమ్మమ్మా అని పిలువు" అన్నాను.

"మాకు అమ్మమ్మ ఉందండీ," అంది.

"మరి నన్నేమంటావు?"

నా మిషను వైపు చూసింది. "టైలరుగారూ అంటాను."

నాకేం పట్టింపు లేదు. వీధి వీధంతా నన్ను మిషనమ్మా అంటుంది, నేనేమైనా అరిగిపోయానా?

5వ తేదీ, మంగళవారం

తనకి పెళ్లయి ఇల్లు బోసిపోతే నేను దిగులు పెట్టుకుంటానని అమ్మాయి ఈ డైరీ కొనిచ్చింది. దిగులు నాకు కాదు, దానికి. అన్నం కలుపుకుంటూ పిల్ల కంచంలోకి చూస్తూ కూర్చుంటుంది, తను తినడం మర్చిపోయి.

"నెలాఖరు ఆదివారం ఆవిడ వస్తారమ్మా," అంది ఇవాళ మళ్లీ. "పిల్ల ఇక్కడ కుదురుకోలేదనిపిస్తే తీసుకెళ్లిపోతారు. వాళ్ల ఊరి బళ్లో సీటు కూడా ఉంచమని చెప్పొచ్చారట."

ఆవిడంటే పిల్ల అమ్మమ్మ. అసలు అమ్మమ్మ. మా అల్లుడి మొదటి భార్య పోయాక, మూడేళ్ల పసిదాన్ని ఒళ్లో వేసుకుని, మిఠాయి కొట్టుకి అట్టపెట్టెలు మడుస్తూ పెంచుకొచ్చిన మనిషి. కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

"అల్లుడేమంటాడు?" అన్నాను. అడిగి ఏం లాభం. లిఫ్టులు బాగుచేసే మనిషి ఆయన. లిఫ్టులు పైకెళ్తాయి గాని ఆయన మాటలు మాత్రం కింది అంతస్తు దాటి రావు.

"పిల్ల వెళ్లిపోతే నేను తట్టుకోలేనమ్మా," అంది అమ్మాయి. "సాయంత్రాలు నీ చేతుల్లోనే ఉన్నాయి. కాస్త మంచి చేసుకో."

మంచి చేసుకోవడం నాకు రాదా? ఎంత సాధించే ఆడవాళ్లయినా నా దగ్గర కొలతలిచ్చి నవ్వుతూ వెళ్లారు.

7వ తేదీ, గురువారం

సాయంత్రం కాగానే ఆవిడ ఫోను. రోజూ ఇంతేనట. పిల్ల వాళ్ల నాన్న ఇచ్చిన పాత ఫోనుకి స్పీకరు పెట్టి బల్లమీద ఉంచి, కాగితాలు ముందేసుకుంటుంది. ఆవిడ అక్కణ్ణించి చెబుతుంది, ఇది ఇక్కడ చేస్తుంది. నేను వినను. గది చిన్నది, చెవులకి తలుపులుండవు, అంతే.

ఇవాళ రంగుకాగితాల గొలుసు. చిన్నచిన్న పట్టీలు, ఒకదాంట్లో ఒకటి దూర్చి జిగురు పెట్టడం. గొలుసు గదికి అడ్డంగా పెరిగేసరికి ఒక చివర జారిపోతోంది. పిల్ల అటూ ఇటూ చూసి, ఆ చివర తెచ్చి నేను వాడని రెండో మిషను కింద పెట్టి, బట్టని అదిమి పట్టే పాదం దించి బిగించేసింది. తెలివితేటలు చూడు. ఎవరి సాయమూ అడగదు. బుద్ధిమంతురాలు.

8వ తేదీ, శుక్రవారం

పుస్తకాల షాపుకి వెళ్లి, పిల్లలు చేసుకునే సులువైన కాగితం బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాను. ఆవిడ ఫోనుకీ దీనికీ సంబంధం లేదు. కళ్లబడింది, కొన్నాను.

మొదటి పాఠం బొమ్మల దండ. కాగితాన్ని అటూ ఇటూ మడిచి, పైన ఒక్క బొమ్మ గీసి, కత్తిరించి విప్పితే చేతులు పట్టుకున్న పిల్లలు వరసగా నిలబడతారు. ఇదెంత పని అనుకున్నాను. పదహారు పొరల బట్ట ఒక్క కోతలో కోసినదాన్ని. కోశాను. విప్పాను. పిల్లలు ఎవరికి వాళ్లు రాలి కింద పడ్డారు. మడత ఉన్న వైపు చేతులు కోయకుండా వదిలేయాలట, నేను అక్కడే కోసేశాను. పైగా అలవాటు కొద్దీ చుట్టూ కుట్టుకి అరంగుళం వదిలానేమో, ఒక్కొక్కరూ దుంగల్లా ఉన్నారు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి తనిఖీ చేసింది.

"వీళ్లు చేతులు పట్టుకోవాలి కదండీ?"

"పోట్లాడుకున్నారు," అన్నాను.

పెదవులు బిగించుకుంది. నవ్వే. వచ్చిన నవ్వుని మర్యాదకి ఆపుకుంది.

12వ తేదీ, మంగళవారం

సూది దారం నాలుకతో తడుపుతుంటే చూసి నవ్వింది. పళ్లు కనబడేలా.

14వ తేదీ, గురువారం

ఇవాళ నా రోజు.

పుస్తకంలో విసనకర్ర ఉంది. కాగితానికి కుచ్చులు పెట్టడమే. కుచ్చులు నాకొకరు నేర్పాలా? గీత గీయకుండా, కొలత పెట్టకుండా, మాట్లాడుతూనే మడుచుకుంటూ పోయాను. పిల్ల స్కేలు తెచ్చి ఒక్కో మడతా కొలిచింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మళ్లీ అటువైపు నుంచి కొలుచుకొచ్చింది.

"బాగుంది," అంది. ఒక్క మాట. ఆ ఒక్క మాటకి నేను వంట గదిలోకి వెళ్లి ఊరికే రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను.

సాయంత్రం ఫోనులో వాళ్ల అమ్మమ్మకి చెబుతోంది: "టైలరుగారు విసనకర్ర చేశారు. పర్లేదు."

పర్లేదట! ఆవిడ ఏమందో వినబడలేదు. ఇంకాస్త గట్టిగా మాట్లాడితే ఏం పోయింది.

18వ తేదీ, సోమవారం

బళ్లో గోడనిండా కాగితం బొమ్మలు పెడతారట. ఇంట్లో ఎవరితోనైనా కలిసి చేసింది ఏదో ఒకటి, ఒక్కోరూ తేవాలి. వచ్చే వారం శుక్రవారం చూపిస్తారు.

"ఏం చేద్దాం?" అన్నాను, పుస్తకం తీస్తూ.

"జిరాఫీ చేస్తున్నామండీ, నేనూ అమ్మమ్మా," అంది.

మంచిది. నాకూ తెమలని పని చాలా ఉంది.

21వ తేదీ, గురువారం

ఆవిడ ఫోను వచ్చే వేళకే నేను మిషను తొక్కడం మొదలుపెడుతున్నానని అమ్మాయి అంటుంది. దానికేం తెలుసు. అర్జెంటు జాకెట్టు ఉంది. ఎవరిదో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

జిరాఫీ ఒళ్లు తయారైంది. అట్టపెట్టె మడిచింది, నాలుగు కాళ్లు. ఎంత నిక్కచ్చిగా మడిచిందంటే, అంచులు వేలుకి గుచ్చుకుంటాయి. ఆవిడ పనితనం దీనికి వచ్చింది. మధ్యలో ఏదో పెద్ద పట్టీ మడవాల్సి వస్తే, చివర బీరువా తలుపులో ఇరికించి లాగుతూ మడిచింది. తలుపు రెండుసార్లు తెరుచుకుంది. మూడోసారి తన చెప్పు అడ్డం పెట్టింది.

26వ తేదీ, మంగళవారం

కాగితానికి నీళ్లు చల్లాను.

27వ తేదీ, బుధవారం

నిన్న రాయబుద్ధి కాలేదు. ఇవాళ రాయకుండా ఉండలేను.

నిన్న సాయంత్రం పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. జిరాఫీ బల్లమీద ఉంది, ఒంటినిండా గోధుమరంగు మచ్చలతో, కళ్లకి నల్ల చుక్కలతో, చూడముచ్చటగా. మెడ ఒక్కటే నలిగిపోయినట్టు, మడతలు మడతలుగా కనబడింది. అయ్యో, బడికి పోయే బొమ్మ ఇలా నలిగిపోయిందేమిటని జాలేసింది. నలిగింది కనబడితే నా చెయ్యి నన్నడగదు. ఇస్త్రీపెట్టె ఎలాగూ వేడిగా ఉంది. గిన్నెలో వేళ్లు ముంచి నాలుగు చుక్కలు చిలకరించి ఒక్క లాగు లాగాను. సుయ్‌మంది. మచ్చలన్నీ జిరాఫీని వదిలేసి ఇస్త్రీ దుప్పటి మీదికి కాపురానికి వెళ్లిపోయాయి. మెడ మాత్రం ముడతన్నది లేకుండా చదునైపోయింది. తొందరలో మెడతో పాటు ఒళ్లు కూడా తడిసి చతికిలబడింది.

మెడకి రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసి మడుచుకుంటూ పోతే స్ప్రింగులా సాగుతుందట. తల పట్టుకుని వదిలితే ఊగాలట. ఆ మడతలు వేయడానికే పాపం రెండు సాయంత్రాలు బీరువా తలుపుతో కుస్తీ పట్టింది.

పిల్ల తిరిగొచ్చి చూసింది.

"టైలరుగారూ, అది నలగలేదండీ," అంది నెమ్మదిగా. "అది మెడ."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఎత్తుకుని ఊరుకోబెట్టేదాన్ని. బడి సంచీ తెచ్చి ఒళ్లో పెట్టుకుని కటింగు బల్ల కింద కూర్చుంది, బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలా. వాళ్ల నాన్న రాగానే అడిగిన మొదటి మాట, "నాన్నా, అమ్మమ్మ ఆదివారం కాకుండా ముందే రావచ్చా?" అల్లుడి వెనకే అమ్మాయి ఉంది. దాని మొహం నేను చూడలేకపోయాను.

ఇవాళ పొద్దున్న పిల్ల బడికి వెళ్లాక నంబరు తీసుకుని ఆవిడకి ఫోను చేశాను. ఏమని పిలవాలి? అత్తకీ ఆడబిడ్డకీ తోటికోడలికీ బాబాయి బావమరిదికీ పిలుపులున్నాయి గాని, అల్లుడి మొదటి భార్య తల్లిని ఏమంటారో ఎవరికీ తెలీదు. ఏదైతే అదే అయిందని, "వదినగారూ" అన్నాను.

"పిల్లకి ఒంట్లో బాలేదా?" అంది ఆవిడ.

"పిల్ల బానే ఉందండీ. జిరాఫీకే బాలేదు." జరిగిందంతా చెప్పాను, ఏదీ దాచలేదు.

"ఇస్త్రీ చేశారా? కాగితానికా?"

"అవునండీ."

"నీళ్లు కూడా చల్లి?"

"నీళ్లు కూడా చల్లి."

"పోనీ గంజి పెట్టలేదు, నయం!" అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ పొలమారింది. నాకూ నవ్వు ఆగలేదు. కన్నీళ్లు కూడా వచ్చాయి, ఏవి దేనికో తెలీలేదు.

"ఏం కాదులెండి, మళ్లీ చేయించండి," అంది. "మీరొక చివర గట్టిగా పట్టుకోండి, దాన్ని మడవమనండి. అరపూట పని."

"అది నన్ను పట్టుకోమనదండీ. అన్నీ ఒక్కతే చేసుకుంటుంది. చివర మిషను కిందో, బీరువా తలుపులోనో ఇరికిస్తుంది."

"గొలుసు కూడానా?"

"గొలుసు కూడా."

"అయ్యో, నా తల్లీ," అంది ఆవిడ, నన్ను కాదు. తర్వాత గొంతు తగ్గించింది. "నాకు చేతనైన బొమ్మలు బోలెడున్నాయండీ, ఒక్కళ్లే కూర్చుని చేసుకునేవి. అవన్నీ పక్కనపెట్టి ఏరి ఏరి ఇద్దరు కావలసినవే చెప్పాను. చివర పట్టుకోమని మిమ్మల్ని అడుగుతుంది కదా, అలాగైనా కాస్త దగ్గరవుతారు కదా అని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ అక్కడ కూర్చుని పిల్లని నా వైపు తోస్తుంటే, నేనిక్కడ ఆవిడ మాటలు వినబడకుండా మిషను తొక్కుతున్నాను.

"మరి ఆదివారం తీసుకెళ్తానన్నారటగా?" అన్నాను.

"అలా చెప్తేగాని అది బయల్దేరలేదు. ఇక్కడున్నన్నాళ్లూ నాన్న ఎప్పుడొస్తాడనే గోల. ఇప్పుడు నాన్నా ఉన్నాడు, మీ అమ్మాయీ బంగారంలా చూస్తోంది. ఉండిపోతే బాగుండునని పొద్దున్న అనుకుంటాను. వచ్చేస్తే బాగుండునని సాయంత్రం అనుకుంటాను. ఏం మనిషినో నేను."

"భోంచేశారా?" అన్నాను. పొద్దున్నే.

28వ తేదీ, గురువారం

పిల్ల రాగానే కాగితాలు, జిగురు, స్కేలు బల్లమీద పెట్టి ఉంచాను. "జిరాఫీ మెడకి ఇద్దరు కావాలట. మీ అమ్మమ్మే చెప్పింది. మొన్న నన్నెందుకు పిలవలేదు?"

"మిషను తొక్కుతుంటే కదపకూడదన్నారు కదండీ," అంది. "మీరెప్పుడూ తొక్కుతూనే ఉంటారు."

నా రూలే. దాన్ని బుద్ధి అనుకుని మురిసిపోయాను నేను. నిజానికి పిల్ల భయపడుతూ కూర్చుంది, నా పనికి అడ్డొస్తే ఎక్కడ విసుక్కుంటానోనని. మిషనుకి గుడ్డ కప్పేశాను. "ఇవాళ షాపు సెలవు," అన్నాను. మధ్యలో ఒకావిడ చీర ఫాలు కోసం వస్తే గుమ్మంలోంచే రేపు రమ్మన్నాను. ఆవిడ నన్ను ఒంట్లో బాలేదా అన్నట్టు చూసి వెళ్లింది.

పని మొదలైంది. నేను పట్టుకోవాలి, పిల్ల మడవాలి. నేను ఊరుకోలేక మధ్యలో మడతలు వేలితో నొక్కి చదును చేస్తున్నాను.

"నొక్కకండి! చెప్పాను కదా! పట్టుకోవడం కూడా రాదా మీకు?"

గదంతా మారుమోగేలా అరిచింది. ఈ నెల్లాళ్లూ ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. సరేనండీ, అలాగేనండీ, పర్లేదండీ, ఇవే విన్నాను. నేనూ తగ్గలేదు. "నువ్వు వంకరగా మడిస్తే నేనేం చేసేది?" అన్నాను. "నేను వంకరా? మీరే వంకరగా పట్టుకున్నారు!" ఇద్దరం చాలాసేపు పోట్లాడుకున్నాం. ఇంత హాయిగా ఎవరితోనూ పోట్లాడి ఎరగను.

మచ్చలకి ఈసారి రంగు వద్దంది. "మీరు మళ్లీ నీళ్లు చల్లుతారేమో" అని, కోతల్లో మిగిలిన గోధుమరంగు గుడ్డముక్కలు అతికించమంది. చెవులు కోయడానికి చేతికందిన కత్తెర తీసుకుని కోసేశాను. సగంలో పిల్ల నోటిమీద చెయ్యి పెట్టుకుంటే చూసుకున్నాను. పెద్ద కత్తెర. కాగితం. ఎలాగూ దాన్ని సాన పట్టించాల్సిందే. రెండో చెవి కూడా దాంతోనే కోశాను.

మెడ ఊగుతోంది. కాస్త ఎక్కువే ఊగుతోంది, అన్నింటికీ సరే సరే అనే మనిషిలా. చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

29వ తేదీ, శుక్రవారం

బడికి వెళ్లాను. గోడనిండా పూలు, పడవలు, పక్షులు. మా జిరాఫీ తల ఊపుతూ మధ్యలో ఉంది. కింద అట్టముక్క మీద పిల్ల రాత: "కలిసి చేసినవాళ్లు: అమ్మమ్మ నోటితో, టైలరుగారు చేతులతో."

వాళ్ల టీచరు నన్ను చూసి, "మీరు అమ్మమ్మగారా?" అంది.

"కాదండీ, టైలరుగారిని," అన్నాను. గర్వంగానే అన్నాను.

31వ తేదీ, ఆదివారం

ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, నాకన్నా రెండేళ్లు పెద్దదేమో. కాగితం కోసుకున్న గీతలు వేళ్లనిండా ఉన్నాయి. పిల్ల గుమ్మంలోనే ఆవిడ నడుము వాటేసుకుంది. తర్వాత మధ్యాహ్నం దాకా ఊపిరాడనివ్వలేదు. గొలుసు చూపించింది, విసనకర్ర చూపించింది, ఇస్త్రీ దుప్పటి మీద మచ్చలు కూడా చూపించింది. "ఇదిగో, ఇక్కడే చచ్చిపోయింది మొదటి జిరాఫీ!"

భోజనాలయ్యాయి. అందరం కూర్చున్నాం. అమ్మాయి తుడిచిన బల్లే మళ్లీ తుడుస్తోంది. చివరికి అల్లుడే గొంతు సవరించుకున్నాడు.

"బట్టలు సర్దమంటావా, తల్లీ?"

పిల్ల జిగురు సీసా మూత తీస్తూ ఆయన వైపు చూసింది. ఇంత తెలివితక్కువ ప్రశ్న వేసినవాణ్ణి చూసినట్టు.

"ఇప్పుడెందుకు నాన్నా? రేపు బడి ఉందిగా. సెలవులిచ్చాక కదా అమ్మమ్మ ఇంటికి వెళ్లేది."

అంతే. మళ్లీ జిగురు పని చూసుకుంది. అమ్మాయి గబగబా వంట గదిలోకి వెళ్లిపోయింది, అల్లుడు దాని వెనకే వెళ్లాడు. నాకు లేచి గంతులు వేయాలనిపించింది. నిజంగా అనిపించింది, దాచడం ఎందుకు. అప్పుడు ఆవిడ వైపు చూశాను. నవ్వుతోంది. నవ్వుతూనే, పిల్లకి బట్టలు తెచ్చిన కాగితం సంచీని మడుస్తోంది. సగానికి, మళ్లీ సగానికి, ఇక మడత పడనంత చిన్నదయ్యేదాకా మడుస్తూనే ఉంది.

బస్సు వేళవుతుంటే ఆవిడ నా గదిలోకి వచ్చి, తగిలించిన జాకెట్లు ఒక్కొక్కటీ చూసింది.

"బాగా కుడతారట మీరు," అంది. "నాకూ ఒకటి కుట్టండి వదినగారూ. తొందరేం లేదు."

టేపు తీసుకుని వెనక్కి తిరగమన్నాను. భుజం నుంచి భుజానికి కొలిచాను. మళ్లీ కొలిచాను. నాలుక చప్పరించాను.

"మీది కష్టమైన భుజం," అన్నాను. "ఎడమవైపు బాగా దిగింది. ఒక్కసారికి కుదరదు. వచ్చే ఆదివారం ట్రయల్‌కి రావాలి. చూసి సరిచేశాక ఆ పై ఆదివారం ఇంకోసారి. చేతుల సంగతి అప్పుడు చూద్దాం."

"అంత కష్టమా?"

"చాలా కష్టమండీ."

ఆవిడ వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "సరే మరి, కష్టమైతే రాక తప్పుతుందా," అంది.

ఇన్నేళ్లలో ఒక్క మనిషిని కూడా రెండోసారి ట్రయల్‌కి పిలవలేదు నేను. ఆవిడ భుజాలు రెండూ సమంగానే ఉన్నాయి.